మావయ్యగారు గీసిన రాజ్యం

ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. చూడబోతే చాలా చిన్న విషయం. ఎవరి ఉద్యోగమూ పోలేదు, ఎవరి కాపురమూ కూలలేదు. ఒక శనివారం మధ్యాహ్నం అమెరికాలో, బెంటన్‌విల్‌లో మా ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర ఎవరో ఒక ప్రశ్న అడిగితే నేను "ఊఁ" అన్నాను. అంతే. ఆ "ఊఁ" ఎవరికీ గుర్తుండి ఉండదు, నాకూ నా భార్యకీ తప్ప. మావయ్యగారికి గుర్తుందో లేదో అడిగే ధైర్యం నాకు లేదు.

ముందు ఆట సంగతి చెప్పాలి. నలుగురైదుగురు టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే ఆట ఇది. ఒకడు కథ నడుపుతాడు, వాణ్ని గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు ఆ కథలో ఒక్కో వేషం కడతారు. ఒకడు కత్తివీరుడు, ఒకామె మంత్రగత్తె, ఇంకొకడు దొంగ. "నేను కోటగోడ ఎక్కుతున్నా" అని దొంగ అంటాడు, పాచిక వేస్తాడు, పడ్డ అంకెను బట్టి ఎక్కాడో కిందపడి నడుం విరగ్గొట్టుకున్నాడో గేమ్ మాస్టర్ చెప్తాడు. ఒక్కో కథ నెలల తరబడి సాగుతుంది. మా ఊళ్లో కాంట్రాక్టు ఉద్యోగాల మీద వచ్చిన మాలాంటి వాళ్లకి వారమంతా కారెక్కి ఆఫీసుకి, కారెక్కి షాపుకి, కారెక్కి ఎవరింటికో బిర్యానీకి పోవడమే బతుకు. అలాంటి చోట ఒక పూట కత్తివీరుడిగా బతకడం ఎంత సుఖమో ఆడితేనే తెలుస్తుంది.

మేం అయిదుగురం. నా టీమ్‌లోనే పనిచేసే వరంగల్ మిత్రుడు, అతని భార్య, మా ఆఫీసు బ్రహ్మచారులు ఇద్దరు, నేను. గేమ్ మాస్టర్‌ని నేనే. మొదటి ఏడాది పుస్తకాల్లో అచ్చువేసి అమ్మే లోకాలతోనే ఆడాం. అది అయిపోయాక, బిర్యానీ తిన్న ఊపులో, నేను ఒక పెద్ద మాట అనేశాను. "ఈసారి కొన్న లోకం వద్దు. నేనే ఒకటి సృష్టిస్తాను. కొండల దగ్గర్నుంచి దేవుళ్ల దాకా అంతా నా సొంతం" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లంటే నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న బలహీనత గురించి ఇక్కడ విడిగా రాయక్కర్లేదు, ఈ కథంతా దాని గురించే.

సృష్టి అనుకున్నంత తేలిక కాలేదు. రెండు వారాలు కూర్చుని ముగ్గురు చంద్రుల్ని, ఏడుగురు దేవతల్ని, పలకడానికి నోరు తిరగని పేర్లున్న పదకొండు మంది రాజుల్ని తయారుచేశాను. ఆ రాజులు ఎందుకు కొట్టుకుంటున్నారో మాత్రం నాకు తెలియదు. దుష్టుడొకడు ఉత్తరాన ఉన్నాడు. వాడు దుష్టుడు ఎందుకయ్యాడంటే, ఉత్తరాన ఉన్నాడు కాబట్టి. లాప్‌టాప్‌లో ఒక మ్యాప్ కూడా గీశాను. చూడ్డానికి బాగానే ఉంది, పిల్లల పుట్టినరోజు కేకు మీద వేసే బొమ్మలాగా.

ఆ రోజుల్లో మావయ్యగారు మా ఇంట్లో ఉన్నారు. నా భార్య తండ్రి. అత్తయ్యగారు పోయాక ఒక్కరే ఉంటున్నారని మా ఆవిడ ఆర్నెల్లకి తీసుకొచ్చింది. ఆయన గుంటూరు వైపు కాలువల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఇంజనీర్లు సర్వే లెక్కలు తెచ్చి ఇస్తే, వాటిని పట్టి కాలువల నక్షాలు గీయడం ఆయన పని. ఇక్కడికొచ్చిన మొదటి అయిదు నెలలూ ఆయనకి పనేమీ లేదు. పొద్దున్నే పేటియోలో కుర్చీ వేసుకుని పక్కింటి గరాజు తలుపు వైపు చూస్తూ కూర్చునేవారు. నడకకి వెళ్దామంటే కాలిబాట రెండు వీధులు పోయాక ఆగిపోతుంది. ఫోన్ చూడమంటే కళ్లు మండుతున్నాయనేవారు. స్నానం చేయమని మా ఆవిడ రెండుసార్లు చెప్తేగానీ లేచేవారు కాదు.

ఒకరోజు నా వెనకనుంచి వెళ్తూ లాప్‌టాప్ తెరవైపు చూసి ఆగారు.

"బాబూ, ఇది ఏ దేశం?"

"ఇది దేశం కాదండీ. ఆట కోసం నేను కల్పించిన రాజ్యం."

ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "కల్పించిందే అయినా నీళ్లు నీళ్లే కదా. ఈ నది నడిమధ్యలో రెండుగా చీలి, ఒకటి తూర్పు సముద్రంలోకి, ఒకటి పడమటి సముద్రంలోకి పోతోంది. నదులు కలుస్తాయి గానీ ఇలా చీలవు. సముద్రం దగ్గరపడ్డాకే పాయలవుతాయి. ఇదేమో ఈ చివర కొండ కూడా ఎక్కుతోంది."

నేను నవ్వేశాను. మంత్రాల నది అని సర్దుకోబోయాను. ఆయన నవ్వలేదు. "వర్షం ఎటునుంచి వస్తుంది మీ రాజ్యంలో?" అని అడిగారు. దేవుళ్లు ఏడుగురున్నారు గానీ వాన ఎటునుంచి వస్తుందో ఒక్కడికీ తెలియదు.

మర్నాడు ఆయన నన్ను క్రాఫ్ట్ స్టోర్‌కి తీసుకెళ్లమన్నారు. అమెరికా వచ్చాక ఆయన నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అదే. పెద్ద డ్రాయింగ్ షీట్లు, గట్టి పెన్సిళ్లు, సన్నమొన నల్ల ఇంకు పెన్నులు, స్కేలు, సెట్‌స్క్వేర్లు కొన్నారు. పెన్సిల్ మొనని బొటనవేలి మీద గుచ్చి చూసి, "ఇది పనికిరాదు, మెత్తన" అని షాపులో అమ్మాయికి తెలుగులోనే చెప్పి వెనక్కి పెట్టేశారు. ఆ పిల్ల కూడా అర్థమైనట్టే తలూపింది.

తర్వాతి మూడు వారాలు ఆ ఇంట్లో ఎవరో కొత్త మనిషి దిగినట్టుంది. పొద్దున్నే ఎవరూ చెప్పకుండానే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, షర్టు చేతులు రెండు మడతలు పెట్టి టేబుల్ దగ్గర కూర్చునేవారు. నేను ఆఫీసు నుంచి రాగానే ప్రశ్నలు సిద్ధంగా ఉండేవి. పడమట కొండలు పెట్టారు, వాన అటే ఆగుతుందన్నారు. కొండల్లోంచి నది దించారు. నది మైదానంలోకి దిగేచోట ఆనకట్ట, ఆనకట్ట నుంచి పెద్దకాలువ, దాని నుంచి పిల్లకాలువలు. "కాలువ మొదట్లో ఉన్న ఊళ్లు రెండు పంటలు పండిస్తాయి బాబూ. చివర ఉన్న ఊళ్లకి కాయితం మీదే నీళ్లు. పైవాడు తూము ఎత్తి కూర్చుంటే కిందవాడి మడి ఎండుతుంది. గొడవలన్నీ అక్కణ్నుంచే మొదలు" అన్నారు.

ఆ ఒక్కమాటతో నా పదకొండు మంది రాజులు ఎందుకు కొట్టుకుంటున్నారో నాకు తెలిసిపోయింది. నిజానికి పదకొండు మంది అక్కర్లేదు, ముగ్గురు చాలు. ఉత్తరాన ఉన్న దుష్టుణ్ని తీసేశాను. వాడి బదులు పెద్దకాలువ మొదట్లో, తూము తలుపుల తాళంచెవులు మెళ్లో వేసుకుని తిరిగే ఒక ముసలి అధికారి వచ్చి కూర్చున్నాడు. చివరి ఊళ్ల జనం చీకట్లో గట్లు తెంపడానికి వస్తారు. కథ దానంతటదే నడవసాగింది. నేను చేసిందల్లా ముగ్గురు చంద్రుల్ని అలాగే ఉంచమని బతిమాలడం. ఆయన ఒక్క చంద్రుడు చాలన్నారు, చివరికి ఇద్దరికి ఒప్పుకున్నారు.

మ్యాప్ పూర్తయిన రోజు దానిమీదికి వంగి చూశాను. గీత ఎక్కడా వణకలేదు. కొండల వాలు, కాలువల వంపు, ప్రతి తూము దగ్గర ఒక చిన్న గుర్తు, ఊరి పేర్లన్నీ ఒకే ఎత్తున నిటారుగా రాసిన అక్షరాలు. నల్లతూము, ఎండపల్లె, చివరిమడి, అన్నీ ఆయన పెట్టిన పేర్లే. కింద కుడిమూల ఖాళీగా ఒక గడి గీసి వదిలేశారు. ఇదెందుకండీ అంటే, "అక్కడ ఆఫీసరు సంతకం పెడతారు బాబూ, అలవాటులో గీశాను" అన్నారు. నవ్వి ఊరుకున్నాను.

ఆ శనివారం అందరూ వచ్చారు. మా ఆవిడ హాస్పిటల్ ఫార్మసీలో పనిచేస్తుంది, ఆరోజు ఆమెకి డ్యూటీ. నేను చుట్టచుట్టిన షీటు తెచ్చి టేబుల్ మీద పరిచాను. వరంగల్ మిత్రుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఏందన్నా ఇది! మస్తున్నది. నిజం చెప్పు, నువ్వే గీసినవా?"

మావయ్యగారు అప్పుడే వంటగట్టు దగ్గర్నుంచి పకోడీల పళ్లెం పట్టుకుని వస్తున్నారు. నాకూ ఆయనకీ మధ్య నాలుగడుగుల దూరం. నేను ఆయన వైపు చూశాను. చూసి కూడా, "ఊఁ" అన్నాను. అక్కడితో ఆగినా కొంత నయమే. "మూడు వారాలు పట్టింది" అని కూడా అన్నాను.

ఎందుకన్నానని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ముందుగా అనుకున్నది కాదు. నలుగురు నోరు తెరుచుకుని చూస్తుంటే, ఆ చూపు నామీద ఇంకొంచెంసేపు ఉండాలనిపించింది, అంతే. తర్వాత నవ్వుతూ అసలు సంగతి చెప్పేయొచ్చులే అనుకున్నాను. ఒక నిమిషం గడిచింది, రెండు గడిచాయి, ఆ "తర్వాత" రాలేదు. మావయ్యగారు పళ్లెం టేబుల్ మీద పెట్టారు. మ్యాప్ మీద ఎవరో పెట్టిన టీ కప్పు తీసి, పక్కన కాగితం రుమాలు మడిచి దానిమీద పెట్టారు. నా వైపు చూడలేదు.

కాసేపటికి మిత్రుడి భార్య కాలువ గట్టు వెంట ఉన్న చిన్న చుక్కల గుంపులు చూపించి అవేంటని అడిగింది. నాకు తెలియదు. మూడు వారాలు పక్కనే కూర్చుని కూడా నేను ఆ చుక్కల సంగతి అడగలేదు. సోఫాలో కూర్చున్న మావయ్యగారు తల ఎత్తారు, నోరు కొంచెం కదిలింది, నా కోసం ఆగారు. "అవి దెయ్యాలు తిరిగే చోట్లు" అన్నాను నేను. అందరూ "అబ్బో" అన్నారు. ఆయన తల దించుకుని మళ్లీ పేపరు చూసుకున్నారు.

అందరూ వెళ్లాక, ఆ చుక్కలేంటి మావయ్యగారూ అని అడిగాను. "కాలువ నీరు ఊటెక్కి పాడైపోయిన నేలలు. గట్టు సరిగ్గా వేయకపోతే అలా అవుతుంది" అన్నారు. వెంటనే, నేను బాధపడతానేమోనని, "కథకి మీరు చెప్పిందే బాగుంది బాబూ" అని కూడా అన్నారు. సోమవారం పొద్దున టేబుల్ మీద మ్యాప్ చూస్తే, గుర్తుల పట్టికలో కొత్తగా ఒక వరస చేరింది. చుక్కల గుర్తు, దాని పక్కన ఆయన నిటారు అక్షరాలతో, "దెయ్యాల చోట్లు" అని. నా అబద్ధాన్ని ఆయన తన చేత్తో ఇంకులో రాసిపెట్టారు. దాన్ని చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది, అయినా కాఫీ తాగి ఆఫీసుకి వెళ్లిపోయాను.

ఆ సాయంత్రమే మా ఆవిడకి తెలిసింది. మిత్రుడి భార్య వాట్సాప్‌లో మ్యాప్ ఫొటో పెట్టి, "మీ ఆయనలో ఇంత ఆర్టిస్ట్ ఉన్నాడని చెప్పనేలేదే" అని రాసింది. మా ఆవిడ ఫోన్ నా ముందు పెట్టింది.

"ఏంటిది?"

నేను ఏవో మాటలు కూడదీసుకున్నాను. పొరపాటున అలా వచ్చేసిందని, ఆయన ఏమీ అనుకోలేదని, ఇంట్లోవాళ్ల మధ్య నీది నాది ఏముందని.

"ఆయన ఏమీ అనుకోరు. అనుకోకపోవడమే ఆయనకి ముప్పై ఏళ్ల ఉద్యోగం. గీసింది ఆయన, సంతకం ఇంకొకరిది. కాలువలో నీళ్లు వదిలిన రోజు పెద్దవాళ్లంతా దండలు వేసుకుంటుంటే, మా నాన్న నన్ను భుజాలమీద ఎక్కించుకుని జనంలోంచి చూపించాడు. అదుగో ఆ వంపు నేనే గీశాను అని నా చెవిలో చెప్పాడు. నా ఒక్కదానికే చెప్పాడు." ఆమె ఫోన్ వెనక్కి తీసుకుంది. "ఇక్కడైనా, ఆటలోనైనా, ఆయనదని నలుగురు అంటే నీదేం పోయేది?"

నాదేం పోయేదో నాకూ తెలియలేదు. సారీ చెప్పాను.

"నాక్కాదు. నేను వెళ్లి అందరికీ చెప్తే ఆయనకి తలకొట్టేసినట్టుంటుంది. నువ్వే చెప్పాలి. ఆయన తిరుగు ప్రయాణం పై మంగళవారం" అంది.

పై మంగళవారం అంటే మధ్యలో ఒక్కటే శనివారం. ఆ వారమంతా నేను చాలా నిజాయితీగా బాధపడ్డాను. ఆ బాధ చూసుకుని నాలో ఇంకా మంచితనం మిగిలే ఉందని ఒక మూల మురిసిపోయాను కూడా. మిత్రుడితో రోజూ ఆఫీసు కెఫెటేరియాలో కలిసే తిన్నాను. వాడు రోజూ మ్యాప్ మాటెత్తాడు. నేను శనివారం చెప్దామని ఊరుకున్నాను. అందరి ముందు, ఆయన ఎదురుగా, నిలబడి చెప్పడమే మర్యాద అనుకున్నాను.

శనివారం మా ఆవిడ డ్యూటీ మార్చుకుని ఇంట్లో ఉంది. అందరూ వచ్చి కూర్చున్నాక నేను నిలబడ్డాను. మావయ్యగారు ఎప్పటిలాగే సోఫాలో ఉన్నారు.

"ఆట మొదలుపెట్టే ముందు ఒకటి చెప్పాలి. ఈ మ్యాప్ నేను గీయలేదు. మావయ్యగారు గీశారు. గీయడమే కాదు, నదీ కాలువలూ ఊళ్లూ, ఈ లోకమంతా ఆయనదే. పోయిన వారం నేను అబద్ధం చెప్పాను."

నా గొంతు వణికింది. ఆ వణుకు నిజమైనదే.

మావయ్యగారు గబుక్కున లేచారు. పెద్దగా నవ్వేశారు. నేనాయన్ని అంత పెద్దగా నవ్వగా ఎప్పుడూ చూడలేదు. "అబ్బెబ్బే, ఏం మాటలు బాబూ! అల్లుడుగారు ఊహించి చెప్తుంటే నేను పక్కన కూర్చుని గీతలు దిద్దాను, అంతే. ఆఫీసులో చేసిన అలవాటు. ఇలాంటి లోకం నాలాంటి వాడికి ఎక్కడ తడుతుంది? కొండలూ దేవుళ్లూ దెయ్యాలూ అన్నీ ఆయన బుర్రలోవే."

టేబుల్ చుట్టూ అందరి మొహాలూ మెత్తబడ్డాయి. వరంగల్ మిత్రుడు వచ్చి నా భుజం తట్టాడు. "అన్నా, అల్లుడంటే నువ్వే పో. మామ ఊరికి పోతున్నడని క్రెడిట్ మొత్తం ఆయనకే ఇచ్చేస్తున్నవ్."

అతని భార్య అతన్ని మోచేత్తో పొడిచింది. "చూసి నేర్చుకో. మా నాన్న ఆర్నెల్లు ఉండి వెళ్లాడు, ఒక్క మంచి మాట అన్నావా?"

అందరూ నవ్వారు. మావయ్యగారు అందరికంటే ఎక్కువ నవ్వారు. "మా అల్లుడుగారికి పెద్దలంటే అంత గౌరవం అమ్మా" అన్నారామెతో. నేను ఇంకోసారి నోరు తెరవొచ్చు. కాదు, మీకు అర్థం కాలేదు, ఆయన మర్యాదకి అలా అంటున్నారు, నేను నిజంగా దొంగని అని టేబుల్ గుద్ది చెప్పొచ్చు. నిలబడే ఉన్నాను కదా. ఎవరో పాచికలు చేతిలో గలగలలాడించారు. నేను కూర్చుని, "సరే, పోయినసారి ఎక్కడ ఆపాం?" అన్నాను. మా ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం అందరూ వెళ్లాక మావయ్యగారు నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "నలుగురిలో ఎప్పుడూ అలా మిమ్మల్ని మీరు చిన్న చేసుకోకండి బాబూ. మీ తల వంగితే మా అమ్మాయి తల వంగినట్టే" అన్నారు. నన్ను ఏదో పెద్ద ప్రమాదం నుంచి తప్పించిన తృప్తి ఆ మొహంలో కనిపించింది. సరేనండీ అన్నాను.

ఆయన పేటియోలోకి వెళ్లాక మా ఆవిడ బయటికొచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"చెప్పానుగా" అన్నాను.

"చెప్పావు. వారం రోజులున్నాయి నీకు. నాన్న లేనప్పుడు ఎందుకు చెప్పలేదు?"

రోజూ మిత్రుడితో కూర్చుని అన్నం తిన్నాను. అందరం ఉన్న గ్రూపు నా ఫోన్‌లోనే ఉంది, రెండు ముక్కలు రాస్తే అందరికీ ఒకేసారి తెలిసేది, కాదనడానికి మావయ్యగారు అక్కడ ఉండేవారు కాదు. మర్యాద అనీ, ఎదురుగా చెప్పడం మగతనం అనీ నాకు నేను చెప్పుకున్నవన్నీ ఆమె ముందు నోట్లోనే పీచుపీచైపోయాయి. పదేళ్లుగా నేను ఆ మనిషికి అల్లుణ్ని. నలుగురి ముందు నన్ను తప్పు పట్టడం ఆయనకి చేతకాదు. ఆయన కాదంటారని నాకు ముందే తెలుసు. అందుకే చెప్పగలిగాను.